పోయినవాడు సాక్ష్యం చెప్పాలా?

పోస్టుమార్టం అనగానే మనవాళ్ళకి పోలీసులు, పంచనామా గుర్తొస్తాయి. హత్యో, ఆత్మహత్యో, రోడ్డు ప్రమాదమో అయితే తప్ప ఆ మాట మన గుమ్మం తొక్కకూడదనుకుంటాం. జర్మనీలో మాత్రం అయినవాళ్ళ మధ్య, మంచం మీద, జబ్బుతో పోయిన ముసలాయన విషయంలోనూ ఆ మాట రావచ్చు. ఆయన వయసులో ఉండగా ఓడల కర్మాగారంలోనో, బాయిలర్లకు తొడుగులు వేసే పనిలోనో ఆస్బెస్టాస్, అంటే రాతినార ధూళి పీల్చి ఉంటే చాలు.

ఈ ధూళి తెచ్చిన జబ్బు ఇరవై ఏళ్ళకో నలభై ఏళ్ళకో గానీ బయటపడదు. అందుకే జర్మనీ 1993లో రాతినారను నిషేధించినా చావులు ఆగలేదు. ఆస్బెస్టోసిస్‌ని ఇక్కడ 1936లోనే వృత్తివ్యాధిగా గుర్తించారు. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథెలియోమా అనే కాన్సర్‌ని 1977లో చేర్చారు. చావుకి వృత్తివ్యాధే కారణమని తేలితే, యజమానుల చందాలతో నడిచే ప్రమాద బీమా సంస్థ భార్యకు పింఛను ఇస్తుంది. తేలకపోతే ఇవ్వదు.

తేల్చేదెలా? కర్మాగారం ఎప్పుడో మూతపడింది. తోటి పనివాళ్ళూ పోయారు. ఇక మిగిలిన చిట్టా ఆయన ఊపిరితిత్తులే. బోఖుమ్ నగరంలో ఇందుకోసమే మీసోథెలియోమా రిజిస్టర్ ఉంది. ఊపిరితిత్తి ముక్కను పరీక్షించి అక్కడ రాతినార పోగులు లెక్కపెడతారు. దహనం చేశాక ఆ అవకాశం ఉండదు. కాబట్టి కన్నీళ్ళు ఆరకముందే ఆవిడ సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోవాలి. పెట్టకపోతే రుజువు లేని నష్టం ఆవిడదే.

ఇది న్యాయమేనా? "నిజం తేలటం ఆయనకూ మర్యాదే కదా" అంటారు కొందరు. కాదనలేం. చచ్చిన మనిషిని కోయటం దానంతటదే అపచారమని నేననుకోను. కానీ భర్త దేహానికీ నెలనెలా వచ్చే పింఛనుకీ ముడిపెట్టి అడిగితే, ఆవిడ ఇచ్చిన దాన్ని సమ్మతి అనగలమా?

ఈ చిక్కు జర్మన్ చట్టానికీ తెలుసు. సామాజిక భద్రతా చట్టం ఏడో భాగం, 63వ సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. ఆస్బెస్టోసిస్ వంటి కొన్ని ఊపిరితిత్తుల వృత్తివ్యాధుల వల్ల మనిషి పనిచేసే శక్తి బతికుండగానే సగమో, అంతకు మించో తగ్గిందని తేలి ఉంటే, చావుకీ ఆ జబ్బే కారణమని ఒప్పుకోవాలి. సంబంధం లేదని స్పష్టంగా కనబడుతుంటే తప్ప. అది తేల్చటానికి పోస్టుమార్టం కావాలని అడగకూడదు. బతికుండగా నమ్మిన మనిషిని చచ్చాక అనుమానించొద్దని దాని సారం.

మరి నలభై శాతమే నష్టపోయినవాడి సంగతి? జబ్బు పేరు తెలియకుండానే పోయినవాడి సంగతి? పైగా తెల్ల రాతినార పోగులు ఏళ్ళు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల్లో విరిగి కరిగిపోతాయి. దీన్ని గుద్ది పారిపోయిన బండితో పోల్చారు ఇక్కడి నిపుణులు కొందరు. పోగులు కనబడనంత మాత్రాన బండి గుద్దలేదనగలమా?

మనదేశంలో ఆస్బెస్టాస్ పనివాళ్ళ ఆరోగ్య రికార్డులు దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. పనిలో చేరిన నాటినుంచి 40 ఏళ్ళు, లేదా మానేశాక 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకూ. ఆ ఆజ్ఞలో గొప్ప నీతి ఉంది: రాసిపెట్టాల్సింది పని చేయించుకున్నవాడు. ఆ రాత లేనిచోట శవాన్ని ఎవరూ కోయమనరు, నిజమే. జబ్బుకి పేరే పెట్టరు కాబట్టి అడిగే అవసరమూ రాదు. దాన్ని మనం గౌరవమనుకోకూడదు.

నాకు తోచింది ఇది. దేహాన్ని అడగాల్సి వస్తే, ఆ దేహం గలవాణ్ణే, మాట్లాడగలిగినప్పుడే అడగాలి. ఆయన వద్దంటే ఆ మాటని భార్య పింఛను మీద రుద్దకూడదు. యజమాని పోగొట్టిన చిట్టాకి నష్టం యజమానే భరించాలి.