లేని ఊరి నిజమైన ఇళ్లు

రైలు నమూనాలు కట్టడం అభిరుచిగా పెట్టుకున్నవారు ప్రజల సందర్శనార్థం పెద్ద ఎత్తున నిర్మించే దృశ్యాలలో రైలుకంటే దాని పక్కనున్న ఊరే చిక్కు ప్రశ్నలు లేవనెత్తుతుంది. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, లాంగ్ విట్టెన్‌హామ్ అనే గ్రామంలో 1954లో మొదలైన పెండన్ మ్యూజియం ఇందుకు నిదర్శనం. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే రైలు ప్రేమికుడు, వైట్ హార్స్ లోయలోని పల్లెల్లో పాతకాలపు గడ్డికప్పుల ఇళ్లు ఒక్కొక్కటిగా రూపు మారిపోవడం చూసి, వాటిని కొలతలు తప్పకుండా నమూనాలుగా నిలపాలని పూనుకున్నారు. ఆయన పాటించిన నిష్పత్తి, అంటే అసలుకూ నమూనాకూ మధ్య ఉండే పరిమాణ సంబంధం, 76కు ఒకటి. ఆ లెక్కన ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్ల బొమ్మ అవుతాడు.

ఇక్కడ ఇంటి గోడ ఒక అట్టముక్క. దాని మీద ఇటుకల గీతలను చేత్తో గీసి, నీటిరంగులు అద్ది, గొట్టాల అతుకులకు చుట్టే నారను కుచ్చులుగా కత్తిరించి పైకప్పు కప్పేసరికి నెలలు గడిచిపోతాయి. ప్రతి ఇంటికీ ఆ ప్రాంతంలో ఎక్కడో ఒక అసలు ఉంది, లేదా ఉండేది. అయితే ఆ ఇళ్లన్నీ చేరిన పెండన్ పార్వా అనే ఊరు మాత్రం ఏ పటంలోనూ లేదు; వేరువేరు పల్లెల ఇళ్లను తెచ్చి ఒకచోట కూర్చి దాన్ని కల్పించారు. ఇటుక రంగులో రవ్వంత తేడాను సహించని నిష్ఠ, ఊరి విషయంలో ఇంత పెద్ద కల్పనకు ఎలా ఒప్పుకుంది?

జాగా చాలదన్న జవాబు సులువైనది, నిజం కూడా. మూడు కిలోమీటర్ల దూరాన్ని ఆ నిష్పత్తిలో చూపాలంటే దాదాపు 39 మీటర్ల నేల కావాలి. కానీ దానితో సందేహం తీరదు. ఏ వాకిలి ఏ వాకిలికి ఎదురో, ఏ ఇంటివారు నీళ్లకు ఎంత దూరం నడిచేవారో, అదంతా కలిస్తేనే ఊరు. ఇళ్లు దక్కి ఇరుగుపొరుగు పోతే దక్కినదాన్ని ఏమనాలి?

గతం గతః అని తేల్చేయడం కుదరదు. పోయినవారికోసం కుమిలిపోయేవారికి ఆ మాట ఊరట కావచ్చు గాని, కళ్లముందు కూలుతున్నదాన్ని చేతులు కట్టుకుని చూసేవారు దాన్ని వల్లిస్తే, సోమరితనానికి కాషాయం కట్టినట్టే. నకలు అసలుకు సాటిరాదన్న మాటా అంతే. అసలు కూలిపోయాక పోల్చేది దేనితో?

అయినా సందేహం మరోవైపు నుంచి తలెత్తుతుంది. రాయ్ 1995లో కన్నుమూశారు. 1930ల నాటి ఆ లోయను ఎన్నడూ చూడనివారు, జీతం ఆశించని స్వచ్ఛంద కార్యకర్తలు, ఇప్పుడు ఆ పని సాగిస్తున్నారు. తాను పోగొట్టుకోని దానికోసం మనిషి బెంగపడగలడా? పడలేడనే తర్కం చెబుతుంది. నారపోచలను పట్టకారుతో ఒద్దికగా సర్దే చేతిని తలుచుకుంటే ఆ తర్కం మీద నమ్మకం సడలుతుంది.

ఆ లోయకు పేరిచ్చిన తెల్లగుర్రం సంగతీ ఇలాంటిదే. అఫింగ్టన్ దగ్గరి కొండవాలులో దాదాపు 3000 ఏళ్ల కిందట గాళ్లు తవ్వి, సుద్ద నింపి తీర్చిన, సుమారు 110 మీటర్ల పొడవున్న రూపమది. తరతరాలవారు గడ్డి చెక్కి శుభ్రం చేయకపోతే అది ఏనాడో మాసిపోయేది. మొదట గీసినవారు ఎందుకు గీశారో తెలియనివారే దాన్ని ఇన్నాళ్లు నిలిపారు. మమకారం ఉండబట్టే మనిషి పనికి పూనుకుంటాడన్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది. పని చేయగా చేయగా మమకారం పుట్టి ఉండాలి. అదే నిజమైతే పెండన్ పార్వా మీది ఫిర్యాదునూ కొంత వెనక్కి తీసుకోక తప్పదు, ఎందుకంటే అట్ట ఇళ్ల మధ్య లేని ఇరుగుపొరుగు, వాటిని కట్టేవారి మధ్య ఏర్పడి ఉండవచ్చు. అయితే గుర్రం తన కొండ మీదే ఉంది, ఆ ఇళ్లు తమ వీధుల్లో లేవు. ఆ తేడా చిన్నది కాదు.

ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తలు ఆ వాలులో మోకాళ్ల మీద కూర్చుని, కొత్త సుద్దను సుత్తులతో దంచి గాళ్లలో దట్టిస్తారు. అంత దగ్గర నుంచి వారికి గుర్రం కనిపించదు, చేతికింది సుద్ద మాత్రమే కనిపిస్తుంది.