పరదుఃఖము – దయ – జ్ఞానము

దయ యనగా నేమి? ఈ ప్రశ్నకు శ్రీవైష్ణవ సంప్రదాయమున రెండు సమాధానములు కలవు. పరుల దుఃఖమును చూచి తానును దుఃఖించుటయే దయ యని తెంగలై వారందురు. పరుల దుఃఖమును తొలగింపవలెనను కోరికయే దయ యని వడగలై వారందురు. భగవంతుని దయాగుణమును గూర్చిన ఈ విచారము పండితగోష్ఠులకు మాత్రమే చెందినదని తోచవచ్చును. కాని గృహస్థుని వాకిటను, బాటసారి కన్నులయెదుటను ఈ ప్రశ్న నిత్యము నిలిచియే యుండును.

నిజామాబాదు జిల్లాలోని జక్రాన్‌పల్లి మండలము మీదుగా శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి సాగుచున్నది. ఇరుప్రక్కల పసుపు, మొక్కజొన్న, వరి చేలు. ధాన్యమున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు నుండుట సహజము. పిల్లి ఎదురైన మనుజునకు కీడని లోకము తలచును. రహదారిపై మనుజుడు ఎదురైన పిల్లికే కీడు కలుగుచున్నది. వాహనము తాకి బాటప్రక్క పడియున్న పిల్లిని చూచి కొందరు “దాని కర్మము” అని పోవుదురు. కొందరు జాలిపడి, చేతికందిన మందు దాని నోట వేయుదురు. మొదటివారియందు లోపించినది దయ. రెండవవారియందు లోపించినది జ్ఞానము. పిల్లికి కలుగు ఫలితము మాత్రము తరచుగా ఒక్కటియే.

కర్మవాదమును ముందు విచారింతము. ఆ జీవి అనుభవించునది దాని పూర్వకర్మఫలమే కావచ్చును. అయినను ఆ కర్మమును నెరవేర్చు అధికారము చూపరి కెవ్వరును ఒసగలేదు. తనకు జ్వరము వచ్చినపుడు కర్మమని ఊరకుండక మానవుడు వైద్యుని ఆశ్రయించుచున్నాడు. తన విషయమున ఔషధమును, పరుల విషయమున కర్మమును తలచుట ధర్మము కాదు. ఆ జీవి తన కంటబడుటయు కర్మములోని భాగమే. కన్న క్షణమునుండి చూపరి చేయునది, చేయక విడుచునది అతని స్వంత కర్మమగును.

ఇక జ్ఞానలోపము మరింత సూక్ష్మమైన విషయము. ఇంటింట నుండు పారాసిటమాల్ మాత్ర మనుజునకు నొప్పిని తీర్చును, పిల్లికి ప్రాణమును తీయును. ఆ మందును నిరపాయకరముగ మార్చి వెలికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. అందుచే అది విషముగా మారి, రక్తము ప్రాణవాయువును మోయలేని స్థితి కలుగును. చిగుళ్లు గోధుమవన్నెకో నీలివన్నెకో తిరుగును, ముఖము ఉబ్బును, ఊపిరి అందదు. 500 మిల్లీగ్రాముల మాత్ర యొక్కటియే చంపుటకు చాలును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివియు అపాయకరములే. తెలియక ఇచ్చినచో వెంటనే వైద్యునకు దాచక చెప్పవలెను. సకాలమున చేరినచో విరుగుడు కలదు. మార్జాలవధకు ధర్మశాస్త్రములు ప్రాయశ్చిత్తము విధించినవి. జాలితో చేసిన పని వధగా పరిణమించుట ఎంత విచారకరము!

పసుపు పండు సీమ గనుక గాయమునకు పసుపు నద్దుటయు అలవాటే. లోతైన గాయమున పొడి నింపినచో వైద్యుడు దానిని శుభ్రపరచుట కష్టమగును. ఫినైలు, డెట్టాలు, కిరోసిను అసలే తగవు. పిల్లి తన ఒడలిని నాకుకొనును. పైన పూసినది కడుపులోనికి చేరును.

అట్లయిన చేయదగిన దేమి? ముందుగా వాహనములను గమనించి తన్ను తాను కాపాడుకొనవలెను. పిదప మెల్లగా సమీపించి, మందమైన తువ్వాలును పిల్లిపై కప్పి, వెన్ను కదలకుండ పలకపైకో అట్టపెట్టెలోనికో చేర్చవలెను. నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషములకు తక్కువ గాకుండ అదిమి పట్టవలెను. మాటిమాటికి ఎత్తి చూడరాదు. విరిగిన ఎముకను సరిచేయబూనరాదు. నోట నీరు గాని పాలు గాని పోయరాదు; అవి ఊపిరితిత్తులకు పోవచ్చును, మత్తుమందు ఇయ్యవలసివచ్చినపుడు అడ్డమగును. వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దముగా నుంచి పశువైద్యశాలకు తరలింపవలెను. చిగుళ్లు తెల్లబోయినను, నోరు తెరచి రొప్పుచున్నను ఆలస్యము తగదు. నొప్పికి మందు వైద్యుడే తూకము చూచి ఇయ్యవలెను; బుప్రెనార్ఫిన్ వంటివి అందులకు కలవు.

పిల్లి నొప్పిని దాచుకొను జీవి. బాధలోనున్నను గుర్రుగుర్రుమనుచుండును గనుక సుఖముగా నున్నదని భ్రమపడరాదు. చెవుల నిలుకడ, కనుల మూత, మూతి బిగువు, మీసముల తీరు, తల వంపు – ఈ అయిదింటినిబట్టి నొప్పిని గుర్తించు పద్ధతిని 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పండితులు ప్రకటించిరి. భయపడిన పిల్లి రక్షించు చేతినే కరచును. అది కృతఘ్నత కాదు, వేదన. కాటుపడిన చోటును సబ్బుతో ధారనీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా విషయము తెలిసికొనవలెను.

మార్జాలకిశోర న్యాయమును వైష్ణవులెల్లరు వినియుందురు. బోధను ప్రాంతపు చెఱకు తోటలలో కోత మొదలైనచో తల్లిపిల్లి తన పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని వేరుచోటికి చేర్చును. పిల్ల ఏ ప్రయత్నమును చేయదు, పట్టు తల్లిదే. శరణాగతుని స్థితి అట్టిదని పెద్దలు వివరించిరి. “భగవంతుడే పట్టుకొనును, మనమేల?” అని ఈ న్యాయమును నిష్క్రియతకు వాడుకొనుట సరికాదు. అది రక్షింపబడు పిల్లకు చెప్పిన మాట, రక్షింపగలిగి చూచుచు నిలిచినవానికి కాదు. మరియొక విశేషము గమనింపదగినది. ఎలుకను చీల్చు ఆ పండ్లే పిల్లను గాటు పడకుండ మోయుచున్నవి. అక్కడ ప్రేమతోపాటు పట్టు తెలిసిన నేర్పు కలదు. ఎదిగిన పిల్లిని, గాయపడినదానిని, ఆ విధముగనే మెడపట్టి ఎత్తినచో దానికి హానియే కలుగును. తల్లికి తగిన పట్టు పరులకు తగదు. దయకు ప్రమాణ మెఱుకపడవలెను.

ఎంత చేసినను కొన్ని జీవులు నిలువవు. బ్రతుకు ఆశ లేనిచో బాధను ముగించు నిర్ణయము వైద్యునిది, చూపరి అసహనముది కాదు. శ్రీరామచంద్రుడు ఱెక్కలు తెగిన జటాయువును చూచి దుఃఖించెను, అంత్యకాలమున తోడుండెను, తండ్రికివలె అగ్నిసంస్కారము చేసి గోదావరిలో జలతర్పణ మొసగెను. ఆ గోదావరియే ఈ జిల్లా అంచున ప్రవహించుచున్నది. రక్షింప వీలుగానిచోట తోడుండుటయు దయయే.

కావున మొదటి ప్రశ్నకు వచ్చిన రెండు సమాధానములును మానవునకు కావలసినవే. దుఃఖింపనిచో కాలు ఆగదు. తొలగింపవలెనని కోరనిచో చేయి కదలదు. సర్వజ్ఞుడైన భగవంతుని దయకు జ్ఞానము వేరుగా చేర్పనక్కరలేదు. అల్పజ్ఞుడైన మానవునకు మాత్రము మూడవది నేర్చుకొనక తప్పదు. ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ముందుగా తెలిసికొని యుండుటయు భూతదయలో భాగమే. సర్వభూతాంతర్యామియగు శ్రీనివాసుడు భక్తులకు కరుగు హృదయముతోపాటు నేర్పుగల చేతులను ప్రసాదించుగాక.