ఈ ఫైలును చేత్తో మార్చకండి

సర్వర్లతో పనిచేసేవాళ్ళకి ఒక హెచ్చరిక బాగా పరిచయం. సెట్టింగుల ఫైలు తెరవగానే మొట్టమొదటి వరసలోనే కనబడుతుంది: దీన్ని ఫలానా ప్రోగ్రాం తయారుచేసింది, చేత్తో మార్చకండి, మార్చినా నిలవదు అని. లైనక్స్ మిషన్లలో 'రిజాల్వ్ డాట్ కాన్ఫ్' అనే బుల్లి ఫైలు ఇందుకు పేరుమోసింది. మహా అయితే రెండు మూడు వరసలుంటాయి. మీరు దిద్దుతారు, పని జరుగుతుంది, హాయిగా ఇంటికి పోతారు. మిషన్ రీస్టార్ట్ అయ్యేసరికో, నెట్‌వర్క్ మారేసరికో మీ వరస ఉండదు. ఎర్రర్ రాదు. ఎవరూ ఏమీ అనరు. అసలు మీరు రాయనే లేదన్నట్టు ఉంటుంది.

ఆ చివరి సంగతి దగ్గరే నాకు పేచీ. రాసినదాన్ని కొట్టేస్తే కొట్టివేత గుర్తయినా మిగులుతుంది. ఇక్కడ అదీ ఉండదు. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళ చిన్న చిరాకులాగే కనిపిస్తుంది గానీ, దీని వెనకాల పాత నైతిక ప్రశ్న ఒకటుంది. నేల మీద నిలబడి చూసి రాసినవాడి మాటకీ, దూరాన ఉన్న అసలు ప్రతికీ తేడా వస్తే ఏది చెల్లాలి?

ముందు మిషన్ పక్షం న్యాయంగా వినాలి. ఒక కంపెనీలో వెయ్యి సర్వర్లున్నాయనుకోండి. అర్ధరాత్రి ఏదో ఆగిపోతే ఎవరో లాగిన్ అయి ఒక విలువ మార్చి, నడిపించి, పడుకుంటారు. ఎందుకు మార్చారో ఎక్కడా రాయరు. రెండేళ్ళకి ఆ మనిషి వేరే ఉద్యోగానికి పోతాడు. మిగిలినవాళ్ళకి ఆ సర్వర్‌ని ముట్టుకోవాలంటే భయం. ఇట్లాంటి వెయ్యి రహస్యాల మీద బ్యాంకులూ ఆసుపత్రులూ నడవకూడదు కదా. 1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ అనే ఆయన సీఎఫ్ఇంజిన్ రాసింది ఈ బాధ తీర్చడానికే. మిషన్ ఎలా ఉండాలో ఒకచోట రాసిపెడితే, ప్రోగ్రాం ప్రతి మిషన్నీ పదే పదే చూసి ఆ స్థితికి తెస్తుంది. తర్వాత 2005లో వచ్చిన పప్పెట్ కూడా ఈ దారిలోదే. మార్చకుండా వదిలేస్తే అరగంటకొకసారి వచ్చి చూసిపోతుంది. మీ దిద్దుబాటు ఆయుష్షు గరిష్ఠంగా అరగంట.

బర్జెస్ 1998లో ఒక పేపర్ రాశాడు, పేరు 'కంప్యూటర్ ఇమ్యునాలజీ'. కంప్యూటర్ కూడా శరీరంలాగా తన జబ్బు తనే నయం చేసుకోవాలని ఆయన ఊహ. అందమైన ఊహే. కానీ ఆ పోలికను కొంచెం ముందుకు లాగి చూడండి. ఉండాల్సిన స్థితి ఆరోగ్యమైతే, అక్కడి అవసరం చూసి ఒకరు చేత్తో రాసిన వరస రోగం అవుతుంది, రాసినవాడు క్రిమి అవుతాడు. ఈ రంగంలో దానికి 'డ్రిఫ్ట్' అని పేరు. పడవ కొట్టుకుపోవడం అని. డిస్క్ పాడై మారిన విలువా, అజాగ్రత్తగా ఎవరో చెరిపిన విలువా, ఆ ఊరి నెట్‌వర్క్ సంగతి తెలిసి ఒక మనిషి ఆలోచించి పెట్టిన విలువా, మూడింటికీ ఒకటే మాట. తప్పు ఇక్కడ మొదలవుతుందని నా అనుమానం. తుడిచేయడం కంటే ముందే, పేరు పెట్టడంలోనే, తెలివికీ చెదలుకీ తేడా లేకుండా పోయింది.

చిత్రంగా, 1993లోనే డెబియన్ కూడా పుట్టింది. దాని పద్ధతి వేరు. ప్యాకేజీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, మీరు చేత్తో మార్చిన సెట్టింగుల ఫైలు కనబడితే డీప్యాకేజ్ ఆగుతుంది. ఈ ఫైలును మీరో, ఏదో స్క్రిప్టో మార్చినట్టుంది, ఏం చెయ్యమంటారు అని అడుగుతుంది. కొత్తది పెట్టమంటారా, మీదే ఉంచమంటారా, తేడా చూపించమంటారా? మీరు ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే మీదే ఉంచుతుంది. కొత్తది పక్కన వేరే పేరుతో పడుంటుంది. కొత్తదే కావాలంటే మీ పాతది పక్కన దాస్తుంది. డెబియన్ నియమావళిలోనే ఉంది, అప్‌గ్రేడ్ అయినా స్థానికంగా చేసిన మార్పులు నిలవాలని. ఇందులో నాకు నచ్చింది మర్యాద. కొత్త ఇంటివాడు వచ్చి గోడకి సున్నం వేయబోతూ, ఇక్కడ మీ పిల్లల ఎత్తు గీతలున్నాయి, ఉంచాలా అని అడిగినట్టు.

ఇక కాగజ్‌నగర్ పోదాం. పేరులోనే కాగితం ఉన్న ఊరు. నిజాం కాలంలో, 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు ఆ ఊరిని ఊరు చేసింది. 2014లో మూతబడి, 2018లో మళ్ళీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్ళ మధ్యలోనే అక్కడి రైతుల భూమి లెక్క కాగితం నుంచి సర్వర్‌కి ప్రయాణం కట్టింది. ఆ ఊరికే కాదులెండి, తెలంగాణ అంతటికీ.

పహాణీ ఏమిటో నగరంలో పెరిగిన వాళ్ళకి తెలియకపోవచ్చు. ఏటేటా ఊళ్ళో ప్రతి సర్వే నంబరుకీ రాసే లెక్క అది. పట్టా ఎవరిది, నేల రకమేంటి, ఏం పంట వేశారు, అసలు దున్నుతున్నది ఎవరు. ఆఖరిదాన్ని అనుభవదారు కాలమ్ అనేవాళ్ళు. పట్టాదారు హైదరాబాద్‌లో ఉండొచ్చు. పత్తి చేనులో నిలబడ్డ మనిషి పేరు మాత్రం ఈ కాలమ్‌లో ఉండేది. పట్టా అంటే అసలు ప్రతి. అనుభవదారు కాలమ్ అంటే నేల మీద చూసి చేత్తో రాసిన వరస.

2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. ప్రక్షాళన అంటే కడిగేయడం. బర్జెస్ జబ్బు పోలిక ఇక్కడికి తెలుగులో వచ్చి చేరినట్టుంది. వివాదం ఉన్న భూముల్ని పార్ట్-బి అని పక్కన పెట్టారు. కొత్త రికార్డులో అనుభవదారు కాలమ్ లేదు. 2020లో కొత్త పాసుపుస్తకాల చట్టం వచ్చింది, అదే ఏడు వీఆర్వో పోస్టులు రద్దయ్యాయి, అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది.

ప్రభుత్వం వాదన బలహీనమైనదేమీ కాదు. ఆ కాలమ్‌ని అడ్డం పెట్టుకుని కబ్జాలు జరిగాయి. పట్టాదారుకి తెలియకుండా ఎవరి పేరో అందులో ఎక్కేది, తర్వాత కోర్టులో అదే సాక్ష్యం అయ్యేది. చేత్తో రాసిన ప్రతిదీ పవిత్రం అనుకునేవాళ్ళు ఒకసారి ఆదిలాబాద్ చరిత్ర చూడాలి. తరతరాలుగా దున్నిన గోండుల నేల, చదువొచ్చిన బయటివాళ్ళ పేర్ల మీదికి పోయింది చేతి రాతతోనే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, నిజాం సర్కారు పంపిన హైమెన్‌డార్ఫ్ ఈ సంగతి వివరంగా రాశాడు. ఆయన పని వల్ల చాలామంది గోండులకి పట్టాలొచ్చాయి. పట్వారీ కలానికి ఊరు ఊరంతా దండం పెట్టే కాలం అది. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేస్తే ఏడ్చినవాళ్ళు తక్కువ. ధరణి వల్ల, పట్టా స్పష్టంగా ఉన్నవాళ్ళకి రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒక్క పూటలో అయిపోయిన మాటా నిజమే. నెలల తరబడి తిరిగినవాళ్ళకి దాని విలువ తెలుసు.

కాబట్టి చెయ్యి మంచిది, మిషన్ చెడ్డది అనే మాటతో మనకి పనిలేదు. నా ప్రశ్న వేరే. ఒక వరసను మార్చడానికీ, ఒక కాలమ్‌నే తీసేయడానికీ నైతికంగా తేడా ఉందా?

ఉందనే నా నమ్మకం. కాలమ్ ఉండి, అందులో తప్పు పేరుంటే గొడవ పడొచ్చు. నా పేరు బదులు వాడి పేరు రాసిండ్రు అని తహసీల్దారు ముందు నిలబడొచ్చు. కాలమే లేకపోతే ఏమని ఫిర్యాదు చేయాలి? 'నీ పేరు తీసేశాం' అని ఎవరూ అనలేదు. పేరు రాసే గడి లేదంతే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే విలువను ఓవర్‌రైట్ చేయలేదు, కొత్త వెర్షన్‌లో ఆ ఆప్షనే లేకుండా చేశారు. డెబియన్ మర్యాద కూడా ఇక్కడ పనిచేయదు. ఉంచమంటారా అని అడగాలంటే ముందు ఆ వరసకి చోటుండాలి.

దాని ఫలితం డబ్బులో కనిపిస్తుంది. 2018 మే 10న కరీంనగర్ వైపు, హుజూరాబాద్ దగ్గర శాలపల్లిలో రైతుబంధు మొదలుపెట్టారు. పంటకి ఎకరానికి 4,000 రూపాయలు. పాసుపుస్తకం ఉన్నవాళ్ళకి. ఆ ఆగస్టులో రైతుబీమా వచ్చింది, రైతు చనిపోతే ఇంటివాళ్ళకి 5 లక్షలు. అదీ పట్టా ఉంటేనే. కౌలుకి దున్నుతూ, అప్పు చేసి గింజలు కొని, పత్తికి పురుగు పడి ప్రాణం తీసుకున్న మనిషి ఈ లెక్కలో రైతే కాదు. ఆయన్ని రైతుల జాబితా నుంచి తీసేస్తూ ఎవరూ నిర్ణయం రాయలేదు. వెతికితే ఆ కాగితం దొరకదు.

ఈ పద్ధతికి మరీ నగ్నమైన రూపం రేషన్ కార్డుల్లో చూశాం. సమగ్ర వేదిక అని తెలంగాణ ప్రభుత్వం ఒక వ్యవస్థ తయారుచేసుకుంది. రకరకాల శాఖల డేటాబేస్‌ల్లో పేర్లు, చిరునామాలు పోల్చి, ఈ మనిషే ఆ మనిషి అని తేలుస్తుంది. కారు ఉన్నవాడని తేలితే కార్డు పోతుంది. ఒకే రకం పేర్లున్న ఇద్దర్ని ఒక్కరని అనుకుంటే కారు లేనివాడి కార్డు పోతుంది. దాదాపు 19 లక్షల కార్డుల రద్దు సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇంటికి పోయి చూసి రండి అని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. మిషన్ రాసినదాన్ని చేత్తో సరిచూడమని అన్నమాట.

ఈ మూడు చోట్లా, సర్వర్‌లో, చేనులో, రేషన్ షాపులో, నాకు కనబడే ఒకే తప్పు ఏంటంటే రుజువు బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి చప్పుడు లేకుండా మారడం. నిన్నటి దాకా నా పేరు తీసేయాలంటే, తీసేసేవాడు ఎందుకో చెప్పాలి. ఇవాళ, నేనున్నానని నేను నిరూపించుకోవాలి. ఇది సామాన్యమైన మార్పు కాదు. ఇంజనీరుకైతే ఒక గంట చిరాకు. మూడు కిలోమీటర్లు నడిచి, కూలి పోగొట్టుకుని, మీసేవలో డబ్బు కట్టి, మళ్ళీ రమ్మంటే మళ్ళీ వచ్చే మనిషికి అది ఆ ఏడు పంటంత ఖర్చు. 'ముందే చెప్పాం కదా, చేత్తో మార్చకండి అని' అనే జవాబు ఇంజనీరుకి సరిపోతుందేమో. ఆ హెచ్చరికను అతను చదవగలడు, ఆ ఉద్యోగం వద్దనుకోగలడు. అంతకన్నా ముఖ్యంగా, అసలు ప్రతి ఎక్కడుందో అతనికి తెలుసు, అక్కడ మార్చమని అడిగే వీలుంది. ధరణి మొదటి రోజుల్లో మండలంలో ఉన్న అధికారికి కూడా తప్పు దిద్దే అధికారం లేదు. కలెక్టర్ దాకానో, సివిల్ కోర్టుకో పోవాలి. అసలు ప్రతిని ముట్టుకునే దారి మూసేసి, నకలును చేత్తో దిద్దొద్దంటే దాన్ని క్రమశిక్షణ అనలేం.

అసలు ప్రతి ఒక్కటే ఉంటుందనేది కూడా సర్వర్ గదిలోనే చెల్లే నమ్మకం. కాగజ్‌నగర్ చుట్టూ అడవి శాఖ పటంలో అడవి అని ఉన్నచోట నాగలి చాళ్ళుంటాయి. ఇద్దరి దగ్గరా 'ఉండాల్సిన స్థితి' ఉంది. ఆ మండలంలోని సార్సాలలో 2019 జూన్ 30న, మొక్కలు నాటడానికి ట్రాక్టర్లతో వెళ్ళిన అటవీ సిబ్బందిని కర్రలతో కొట్టారు, మహిళా రేంజ్ అధికారి బాగా గాయపడ్డారు. ఉద్యోగం చేస్తున్న మనిషిని అలా కొట్టడానికి ఏ సమర్థనా లేదు, ఆ వీడియో చూసినవాళ్ళకి అది చెప్పక్కర్లేదు. నేను చూస్తున్నది ఆ ట్రాక్టర్ల వైపు. నాగటి చాళ్ళ మీద మళ్ళీ దున్ని మొక్కలు పెట్టడం నేల మీద చేసే ఓవర్‌రైటే. సరిగ్గా నాలుగేళ్ళకి, 2023 జూన్ 30న, అదే జిల్లా కేంద్రం ఆసిఫాబాద్‌లో ముఖ్యమంత్రి పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. పోడు చాళ్ళలో కొన్ని ఆ రోజు రికార్డులోకి ఎక్కాయి. అంతకు ముందు రోజు దాకా అవి డ్రిఫ్ట్.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. తప్పు దిద్దమని అడిగే దారీ, అధికారి కాదంటే పైన అప్పీలు చేసే దారీ ఈసారి చట్టంలోనే పెట్టారు. ఇది ఎంతవరకు పనిచేస్తుందో మండల ఆఫీసుల్లో తేలాలి. దీన్ని రాజకీయ పార్టీల గెలుపోటములుగా చదివితే అసలు సంగతి జారిపోతుంది. రేపు ఇంకో పోర్టల్ వస్తుంది, అదీ ఏదో ఒక గడి తీసేస్తుంది. డెబియన్‌లో కూడా, ఏమీ అడక్కుండా కొత్తదే పెట్టెయ్ అని ఆజ్ఞ ఇచ్చే వీలుంది. వెయ్యి మిషన్లున్నవాళ్ళు దాన్నే వాడతారు, వెయ్యిసార్లు అడిగించుకునే తీరిక వాళ్ళకి ఉండదు. పైగా రాష్ట్రం మొత్తం భూమిని కొద్ది నెలల్లో ప్రక్షాళన చేసిన వాళ్ళకి ప్రతి చేను గట్టు మీదా ఆగి అడిగే తీరిక ఎక్కడుంటుంది?

ఒక సంగతి మాత్రం మిగిలింది. 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ నకలు కోసం జనం ఇప్పటికీ తహసీల్ ఆఫీసుల్లో దరఖాస్తు పెడుతున్నారు. డెబ్భై ఏళ్ళ నాటి చేతిరాత, కొన్ని చోట్ల ఉర్దూలో. చదివిపెట్టేవాళ్ళని వెతుక్కుంటారు. లామినేషన్ చేయించి, పాసుపుస్తకంతో పాటు ఇనుప బీరువాలో పెట్టుకుంటారు. కోర్టులు వాటిని ఇప్పటికీ చూస్తాయి. డీప్యాకేజ్ పక్కన దాచిపెట్టే ఆ పాత ఫైలును ఇక్కడ దాచింది సర్వర్ కాదు, ఎవరి చేను గురించి అది రాశారో వాళ్ళే.