సమశిక్ష సమన్యాయమేనా? : మిన్నెసోటా తీర్పుపై ఒక పరిశీలన

చట్టం ఏ జాతి పేరూ ఎత్తనప్పుడు, దాని ఫలితంలో కనిపించే జాతి వివక్షకు బాధ్యత ఎవరిది? అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు 1991లో ‘స్టేట్ వర్సెస్ రసెల్’ వ్యాజ్యంలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. నాటి రాష్ట్ర చట్టం ప్రకారం 3 గ్రాముల క్రాక్ కొకైన్ దగ్గర ఉంచుకున్నవారికి 20 ఏళ్ల వరకు జైలు విధించవచ్చు. అంతే పొడి కొకైన్‌కు గరిష్ఠశిక్ష 5 ఏళ్లే. క్రాక్ ఆ పొడినుంచి తయారయ్యేదే. 1988లో క్రాక్ అభియోగం ఎదుర్కొన్నవారిలో 96.6 శాతం నల్లజాతీయులు. పొడి కొకైన్ విషయంలో 79.6 శాతం తెల్లజాతీయులు.

ఉద్దేశం లేనిదే దోషం లేదన్నది వ్యక్తిని విచారించేటప్పుడు సమంజసమైన సూత్రమే. శాసనం వ్యక్తి కాదు. అనేకులు అనేక కారణాలతో ఆమోదించిన వాక్యానికి మనసును వెదకడం వ్యర్థం. ఫెడరల్ న్యాయస్థానాలు 1976 నాటి ‘వాషింగ్టన్ వర్సెస్ డేవిస్’ తీర్పు నుంచి వివక్షోద్దేశానికి రుజువు కోరుతున్నాయి. మిన్నెసోటా న్యాయస్థానం మాత్రం తన రాష్ట్ర రాజ్యాంగాన్ని ఆధారం చేసుకొని, ఈ భేదానికి కారణమేమిటని ప్రభుత్వాన్నే అడిగింది. చూపిన సాక్ష్యం చాలదని ఆ భేదాన్ని కొట్టివేసింది. రుజువుభారం శిక్ష పడినవాడి భుజంనుంచి శిక్షించేవాడి భుజానికి మారడమే ఇందులోని నైతిక విశేషం.

అసలు చిక్కు తరువాతిది. శాసనసభ క్రాక్ శిక్షను తగ్గించలేదు. పొడి కొకైన్ శిక్షనే ఆ స్థాయికి పెంచింది. పోలిక తొలగింది కాని, 3 గ్రాములకు అంతటి శిక్ష తగునా అన్న ప్రశ్న తొలగలేదు. ఏ వాడలో సోదా జరపాలన్న పోలీసు నిర్ణయాన్ని ఆ సవరణ తాకనేలేదు.