దీక్ష నాది, ఇల్లు అందరిదీ

ఈసారి మాట బయటివాళ్ల గురించి కాదు, మన ఇళ్ల గురించి. ముఖ్యంగా నాలాగా మీటింగులకి తిరిగే మగవాళ్ల ఇళ్ల గురించి.

నేను దీక్ష తీసుకుని పన్నెండేళ్లయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేసిన మొదటి పని, గూట్లో అమ్మ పెట్టుకున్న పోలేరమ్మ పటాన్నీ, కుంకుమ భరిణెనీ సంచిలో వేసుకెళ్లి కాలవలో పడేసి రావడం. ఆ గూట్లో బుద్ధుడి బొమ్మ, బాబాసాహెబ్ ఫొటో పెట్టాను. తోటి కార్యకర్తలు మెచ్చుకున్నారు. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు. మర్నాటి నుంచీ పొయ్యి దగ్గర గోడకి చిటికెడు పసుపు రాసి, నేను చూడకుండా దానికి దండం పెట్టుకునేది. గుళ్లోకి రానివ్వని ఊళ్లో పుట్టిన మనిషి. మా నాన్న తాగొచ్చి కొట్టిన రాత్రుల్లో ఆమె చెప్పుకున్నది ఆ పటానికే. అలాంటి మనిషి కన్నకొడుక్కి భయపడి చాటుగా దండం పెట్టుకుంటుంటే, అది నాకు అప్పట్లో ఉద్యమ విజయంలాగా కనిపించింది!

ఇక నా భార్య. ఆ రోజు నేను వేసుకున్న తెల్లబట్టలు ఉతికి ఇస్త్రీ చేసింది ఆమే. నా పక్కనే కూర్చుని త్రిశరణాలు, పంచశీల చెప్పింది. మేం ఇంటిల్లిపాదీ బౌద్ధులం అని ఏళ్ల తరబడి వేదికల మీద చెప్పుకున్నాను. రెండేళ్ల కిందట ఏదో మాటా మాటా పెరిగి, "బౌద్ధురాలివై ఉండి అట్లా మాట్లాడతావేంది?" అన్నాను. "బౌద్ధురాలివవుతావా అని నన్నెప్పుడైనా అడిగావా? ఎల్లుండి దీక్ష, తెల్లచీర ఉందా అని అడిగావు. అంతే" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒక మనిషి తరఫున ఇంకో మనిషి దీక్ష తీసుకోవచ్చా?

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చంద్రమణి మహాస్థవిరుని దగ్గర బాబాసాహెబ్ ఒక్కరే దీక్ష తీసుకోలేదు. సవితా అంబేడ్కర్ కూడా ఆయన పక్కన నిలబడి తీసుకున్నారు. భర్త తీసుకుంటే తనకీ వచ్చేసినట్టే అనుకోలేదు. తర్వాత అక్కడి జనంతో బాబాసాహెబ్ చెప్పించిన 22 ప్రతిజ్ఞలు మళ్లీ ఒకసారి చదవండి. అన్నీ 'నేను' అనే చెప్పుకునేవే. నా భార్య చేత మాన్పిస్తాను, నా తల్లి చేత వదిలిపిస్తాను అని ఒక్కటి కూడా లేదు. ఇంటి పెద్ద ఏ దేవుడంటే ఇంట్లో అందరిదీ ఆ దేవుడే అనేది మనువు ఇంటి కట్టుబాటు. దాన్ని వదిలొచ్చామని చెప్పుకుంటూ, దాన్నే తెల్లబట్టల్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

మన నాగార్జునకొండ శాసనాలు చూడండి. మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన సొంత చెల్లెలు చాంతిసిరి బౌద్ధురాలు. అక్కడి మహాచైత్యానికి పెద్ద దాత ఆమే. అన్నది ఒక దారి, చెల్లెలిది ఒక దారి. ఈవేళ మన పిల్లలకి మనం గర్వంగా చూపించుకునే ఆ చైత్యం వెనక, ఇంటి మగవాడి మతం కాక తన మతం తను పాటించిన ఒక ఆడమనిషి ఉంది.

సిగాలుడి కథ మనవాళ్లందరికీ తెలుసు. రాజగృహంలో పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకీ మొక్కుతున్నాడు. ఎందుకయ్యా అంటే, చనిపోయేటప్పుడు నాన్న చెప్పాడన్నాడు. బుద్ధుడు వాళ్ల నాన్నని వెక్కిరించలేదు. దిక్కులకి ఇట్లా కాదు మొక్కేది అన్నాడు. ఎట్లాగో చెప్పమని సిగాలుడే అడిగాడు. అడిగాకే చెప్పాడు. నేనేమో అమ్మ అడగకుండానే పటం తీసుకెళ్లి కాలవలో వేశాను.

ఆ సుత్తంలో పడమటి దిక్కు భార్య. భర్త చేయాల్సినవి అయిదు, భార్య చేయాల్సినవి అయిదు. ముందు చెప్పింది భర్తవి. మన సభల్లో మాత్రం భార్యవి గట్టిగా చెప్పి భర్తవి గబగబా దాటేస్తాం, నేనూ దాటేశాను. గౌరవించడం, చులకన చేయకపోవడం, దారి తప్పకపోవడం, నగలు పెట్టడం - వీటి మధ్యలో ఒకటుంది, ఇంటి అధికారం ఆమెకి అప్పగించడం. మా ఇంట్లో మిషన్ కుట్టి సంపాదించేది ఆమె, ఏటీఎం కార్డు ఉండేది నా జేబులో. ఆ డబ్బుతోనే కరపత్రాలు వేయించి సమానత్వం గురించి పంచాను. 1942 జూలై 20న నాగపూర్ మహిళా సభలో బాబాసాహెబ్ ఆడపిల్లలకి చెప్పింది, భర్తకి స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడమని, బానిసగా ఉండటానికి ఒప్పుకోవద్దని. ఆ మాట నేను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఇంట్లో కార్డు అడిగితే "దేనికి?" అనేవాణ్ణి.

మరి ఇంట్లో మూఢనమ్మకాలు చూస్తూ ఊరుకోమంటావా అని మీరు అడుగుతారు. ఊరుకోవద్దు. మా అన్న కొడుక్కి కామెర్లయితే మంత్రం వేయిస్తామన్నారు. నేను ఒప్పుకోలా, పోట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ పిల్లాడి ప్రాణం ఉంది. గోడ మీది చిటికెడు పసుపు ఎవరి ప్రాణం తీసింది? దెబ్బతిన్నది నా పరువు ఒక్కటే. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. ఇప్పటికీ ఒక్కోసారి తెలియదు.

పోయిన వానాకాలం అమ్మ దగ్గర కూర్చుని తప్పు చేశానని చెప్పాను. నవ్వింది. "పోనీలే అబ్బాయా, ఆయమ్మకి నీళ్లు కొత్తా ఏంది" అంది. తర్వాత, "ఆ బుద్ధుడు మంచోడేనా?" అని అడిగింది. పన్నెండేళ్లలో మొదటిసారి. చాలాసేపు మాట్లాడుకున్నాం. గోడకి పసుపు అలాగే ఉంది.

కార్డు ఇప్పుడు నా భార్య దగ్గరే ఉంటుంది. ఆమెని కూడా అడిగాను, దీక్ష నీకు నువ్వుగా కావాలనుకుంటున్నావా అని. ఆలోచించుకుంటానంది. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' మిషన్ పక్కన పెట్టుకుని, రోజుకి రెండు మూడు పేజీలు చదువుతోంది. ఇంకా ఏమీ చెప్పలేదు. నేను మళ్లీ అడగలేదు.