నయమాను దాసులు



రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయములోని నయమాను సంగతి మనలో ఎరుగనివారు లేరు. ఆదివారపు బడి పిల్లలు సయితము యొర్దానులో అతని మునకలు ఏడని చెప్పగలరు. అయితే ఆ మునకలకు ముందు జరిగినదానిని మనము త్వరగా దాటిపోవుచుందుము. ఎలీషా ఇల్లు వెడలి రాలేదు, దూతచేత కబురు పంపెను. ఆ కబురు సత్యము, ఆ చికిత్స సరియైనది. అయినను రోగి కోపించి వెళ్లిపోయెను. అప్పుడు దాసులు దగ్గరకు వచ్చి, తండ్రీ అని పిలిచి, అతనితో మాటలాడిరి. ఆ తరువాతనే అతడు నీళ్లలో దిగెను.

సరియైన మాట చెప్పినంతమాత్రమున మన బాధ్యత తీరిపోవునా? ఈ ప్రశ్న నడికుడిలో మా కెదురైనది.

మా సంఘములో సున్నపు బట్టీలో కూలిచేయు ఒక పెద్దాయన ఉన్నాడు. వారాల తరబడి విడువని దగ్గు. కళ్లె పరీక్షలో క్షయ అని తేలినది. ఆరు నెలలు మానక మ్రింగవలెనని బిళ్లలిచ్చి, "మానితే ప్రాణం మీదికొస్తది" అని చెప్పి పంపిరి. అందులో అబద్ధమేమియు లేదు. కాని మొదటి దినములలోనే ఆయనకు మూత్రము ఎఱ్ఱగా వచ్చెను. నెత్తురు పడుచున్నదని తలంచి, ఎవరికిని చెప్పక, బిళ్లలు అటకమీద దాచెను.

బిళ్లలు మానెనని విని సంఘ పెద్దలమైన మేము వెళ్లితిమి. దేహము దేవుని ఆలయమని కొరింథీ పత్రిక చూపి గద్దించితిమి. ఆయన తల ఊపెను. మేము ప్రార్థన చేసి తిరిగి వచ్చితిమి. బిళ్లలు అటకమీదనే యుండెను. ఎందుకు మానితివని ఆయనను మేము అడుగనేలేదు. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగానే యున్నది.

తరువాత ఒక సాయంకాలము నర్సమ్మ వచ్చి అరుగుమీద కూర్చుండెను. "బిళ్ల ఏస్కోబుద్ధి కావట్లేదా బాబాయ్? ఎందుకని?" అని అడిగి ఊరకుండెను. చాలసేపటికి ఆయన నోరు తెరచెను. రిఫాంపిసిన్ అను మందు రంగే అంతయనియు, అది మూత్రములో దిగుననియు, నెత్తురు కాదనియు ఆమె చెప్పెను. ఖాళీ కడుపున బిళ్ల వేసికొని తెల్లవారుజామున బట్టీకి పోయిన వాంతి వచ్చుచున్నదని ఆయన చెప్పగా, ఏ వేళకు వేసికొనిన సరిపడునో ఇద్దరును కలిసి చూచుకొనిరి. ప్రభుత్వము క్షయ రోగుల పోషణకు నెలకు ఇచ్చు సొమ్ము 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనదని కూడ ఆమె చెప్పెను. చివరకు ఇట్లనెను: "రెండు నెలలకి దగ్గు తగ్గుద్ది బాబాయ్. తగ్గింది గదా అని మానేస్తారు, అసలు గండం అప్పుడే. ఏసుకునేది నువ్వే, నీ నోట్లో నేను పెట్టలేను. కాని నీ దగ్గు నీ ఒక్కడిది కాదు, పక్కలో మనవరాలు పడుకుంటది."

పామరులకు ఇంత వివరమేల, భయపెట్టిన చాలును అనువారు గలరు. మేమును అట్లే తలంచినవారమే. భయము కొన్నాళ్లు పనిచేయును, దగ్గుతోపాటు అదియు తగ్గిపోవును. సగములో మానినవానిలోని క్రిములు ఆ మందుకు లొంగకుండ పోవచ్చును.

ఒకప్పుడు క్షయ అనగా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము వంటి శానిటోరియములే దిక్కు. 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధన, ఇరుకిండ్ల పేదలకు ఇంటిలోనే మందులిచ్చినను ఫలితము ఇంచుమించు శానిటోరియములో వలెనే యుండునని 1959లో వెల్లడిచేసెను. నాటినుండి మంచము ఇంటికి వచ్చినది, కాని మ్రింగవలసిన భారమంతయు రోగిమీద పడినది. బిళ్లలు లెక్కించిరి, మూత్రము పరీక్షించిరి. 1997 తరువాత మన దేశమందంతటను కార్యకర్త కన్నులయెదుట మ్రింగించు పద్ధతి వచ్చెను. కావలి కాయుట తప్పని మేము అనము. అయితే కావలివాడు ఎఱుపును చూడగలడు గాని, ఎఱుపునుగూర్చిన భయమును అడుగనిదే ఎట్లు చూచును?

ఫిలేమోనుకు వ్రాయునప్పుడు పౌలు, ఆజ్ఞాపించు అధికారము తనకున్నను బ్రతిమాలుకొనుటయే మేలని తలంచెను. అతని సమ్మతి లేక ఏమియు చేయనొల్లలేదు. అట్లని ఒనేసిము విషయము ఫిలేమోను సొంత యిష్టమేనని వదలలేదు. మోకాలి ఆపరేషను చేయించుకొనని ముసలివాని సంగతి వేరు. నొప్పి అతనిది, తెలియజెప్పి అతనికే విడువవచ్చును. క్షయ అట్టిది కాదు, అది పొరుగువాని ఊపిరిలోనికి పోవును. ఈ భేదమును ఆ నర్సమ్మ ఒక్క మాటలో చెప్పెను, మేము మూడు వచనములలో చెప్పలేకపోతిమి. ఆమెకున్న ఊళ్లెన్ని, ఇండ్లెన్ని! ప్రతి అరుగుమీదను అంతసేపు కూర్చుండుట ఆమెకు సాధ్యము కాదు. తీరిక గలవారము మనమే. ఇక విశ్వాసమున్నచో బిళ్ల ఎందుకని రోగితో చెప్పు బోధకులున్నారు. వారు నయమానును యొర్దాను గట్టుననే ఆపివేయువారు.

పెద్దాయనకు మరల పరీక్షలు చేసి మందు ఆరంభించిరి. మనవరాలికి ముందుజాగ్రత్త మందిచ్చిరి. ఇప్పుడు నాలుగవ నెల. మొన్న ఆరాధన ముగిసిన పిమ్మట ఆయన మా యొద్దకు వచ్చి, స్టేషను వైపు వీధిలో దగ్గుచున్న మరియొక ముసలాయన యింటికి తోడు రమ్మని పిలిచెను. వచ్చెదమంటిమి. "రండి గాని, ముందు మీరు మాట్లాడబాకండి. నేనడుగుతా" అనెను.