కలం పట్టేదాకా కూడెవరు పెడతారు?

‘ముస్లిం కుర్రాళ్లు తెలుగు పత్రికల్లోకి ఎందుకు రారండీ?’ అని మిత్రులు అడుగుతుంటారు. మంచి మనసుతోనే అడుగుతారు. జవాబూ వాళ్ల దగ్గరే సిద్ధంగా ఉంటుంది: చదువుకోరు, తెలుగు రాదు, బస్తీ దాటి బయటికి రారు. మేం ఎదురు ప్రశ్న వేస్తాం. పని నేర్చుకునే మొదటి ఏడాది మీ గది అద్దె ఎవరు కట్టారు?

దాదాపు అందరిదీ ఒకటే మాట. నాన్న కట్టాడు. లేదంటే ఊళ్లో పొలం కట్టింది.

స్కూటర్ మెకానిక్ షెడ్డులోనో వెల్డింగ్ షాపులోనో చేరిన మన పిల్లాడికి ఉస్తాద్ మొదటి వారం నుంచే చాయ్ తాగిస్తాడు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఎంతో కొంత ఖర్చీ చేతిలో పెడతాడు. అది తక్కువే. తిట్లుంటాయి, దెబ్బలుంటాయి. బడి మానిపించే ఆ ఏర్పాటుని మేం మెచ్చుకోవడం లేదు. కానీ నేర్చుకునేవాడికి కూడా ఆకలేస్తుందన్న ఎరుక ఆ షెడ్డులో ఉంది. నాలుగో స్తంభమని చెప్పుకునే చోట ఆ మాత్రం ఎరుక లేకపోయింది.

1989 తర్వాత తెలుగులో జిల్లా అనుబంధాలు వచ్చాయి. మండలానికో విలేకరి పుట్టుకొచ్చాడు. అతనికి జీతం లేదు, లైన్ అకౌంటు ఉంది. అచ్చయిన వార్తని కొలిచి ఇచ్చే ఆ డబ్బు బస్సు చార్జీలకే చాలదు. మరి ఎవరు చేశారు ఆ పని? ఇంకోచోట తిండి దొరికేవాళ్లు చేశారు. బడిపంతుళ్లు, చిన్నాచితకా కాంట్రాక్టర్లు, భూమున్న ఇంటి పిల్లలు. ఊరి వార్త ఏది, ఏది కాదు అన్నది వాళ్ల అరుగు మీదే తేలింది. దూదేకుల వాడకీ మాలపల్లెకీ ఆ అరుగు ఎంత దూరమో మనకు తెలియంది కాదు.

శిక్షణ కాలంలో స్టైపెండు ఇచ్చే జర్నలిజం స్కూళ్లు తెలుగులో లేకపోలేదు. వాటివల్ల పేదింటి పిల్లలు కొందరు డెస్కుల దాకా వచ్చారు, కాదనం. కానీ గుమ్మంలోనే తెలుగు పరీక్ష. సామెతలు, జాతీయాలు, సంధులు. ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివినవాడు అక్కడే ఆగిపోతాడు. భాష రాకపోతే పత్రికలో ఎలా రాస్తాడంటారా? నిజమే, రాయలేడు. అందుకే నేర్పండి అంటున్నాం. వచ్చినవాడికి నేర్పడం తేలిక. రానివాడికి నేర్పినప్పుడే దాన్ని శిక్షణ అనాలి.

ఉర్దూ పత్రికలేం తక్కువ తినలేదు. కితాబత్ నేర్చుకునే శాగిర్దు ఉస్తాద్ పక్కన నెలల తరబడి ఉత్తినే కూర్చునేవాడు. ఆ అందమైన చేతిరాతలన్నిటి వెనకా అలాంటి పస్తులున్నాయి. 1990లలో ఇన్‌పేజ్ వచ్చింది. కాతిబ్‌లు ఇళ్లకి పోయారు. వాళ్లకి కంప్యూటర్ నేర్పిద్దామని, ఆ నేర్చుకునే రోజులకి జీతమిద్దామని ఎంతమంది యజమానులు అనుకున్నారు? మన కౌమే కదా అని మేం ఈ లెక్కలో మినహాయింపు ఇవ్వలేం.

లెక్కలు కొన్ని చూద్దాం. 1996లో వాషింగ్టన్ పోస్ట్ తరఫున ఢిల్లీలో పనిచేస్తున్న కెన్నెత్ కూపర్ అనే నల్లజాతి విలేకరి, ఒక దళిత జర్నలిస్టును చూపించమని బి.ఎన్. ఉనియాల్‌ని అడిగాడు. ఉనియాల్ వెతికాడు, దొరకలేదు. ఆ సంగతే పయనీర్‌లో రాశాడు. పదేళ్లకి, 2006లో, ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లీషు పత్రికలు, చానెళ్లలో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కగట్టారు. 71 శాతం అగ్రకుల హిందూ పురుషులు. ముస్లింలు 3 శాతం. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. అమెరికా ఈ లెక్క 1968లోనే తీసింది. నగరాలు తగలబడ్డాక వేసిన కెర్నర్ కమిషన్, వార్తా సిబ్బందిలో నల్లవాళ్లు 5 శాతం కూడా లేరని తేల్చింది. 2000 కల్లా సరిచేస్తామని అక్కడి సంపాదకుల సంఘం 1978లో మాటిచ్చింది. 2000 వచ్చింది, పోయింది. మాట నిలబడలేదు. మాటివ్వడం వేరు, డబ్బు తీసి పక్కన పెట్టడం వేరు.

ఇంతకీ ఆ డబ్బు ఏమిటి? ఖైరాతా? ఉజ్రతా? చెమట ఆరకముందే కూలివాడికి కూలివ్వమన్న హదీసు మన ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. జకాత్‌కి లెక్క వేరు, కూలికి లెక్క వేరు. జకాత్ పుచ్చుకునేవాడి పేదరికం చూసి ఇస్తారు. కూలి అతని పని చూసి ఇస్తారు. శిక్షణలో ఉన్నవాడు పనేం చేస్తున్నాడని యజమాని అడగొచ్చు. మేం చెబుతాం. అతను డెస్కుకి పాఠం చెబుతున్నాడు.

‘ఫత్వా’ అన్న మాట తెలుగు హెడ్డింగుల్లో ఏమైపోయిందో చూడండి. ఎమ్మెల్యే హుకుం ఫత్వా, ఊరిపెద్ద బెదిరింపు ఫత్వా. అడిగిన ప్రశ్నకి ముఫ్తీ చెప్పే అభిప్రాయమే ఫత్వా అని చెప్పే మనిషి ఆ గదిలో లేడు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి వెళ్లినవాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత పట్టుకెళ్లింది కూడా ముస్లిం కుర్రాళ్లనే. పోలీసులు చెప్పిన కథలోంచి ‘అన్నారు’ అన్న మాట కూడా ఎగరగొట్టి అచ్చేసిన పత్రికలు ఒకటీ రెండూ కాదు. ఆ కుర్రాళ్లని కోర్టులు నిర్దోషులన్నాయి. ఆ రాత్రి డెస్కు మీద ఆ మొహల్లా మనిషి ఒకడుండి, ‘ఇది పోలీసుల మాట, మన మాట కాదు’ అని ఉంటే? పత్రికకి పరువు దక్కేది. ఆ ఒక్క వాక్యం ఖరీదు ఏడాది స్టైపెండు కంటే ఎక్కువ కాదా?

అయితే ఇక్కడే ఒక గొయ్యి ఉంది. ముస్లిం కాబట్టి తీసుకున్నారు, కాబట్టి ముస్లిం వార్తలే రాయాలి! రంజాన్ నెలలో హలీం మీద రాయి, మొహర్రంకి పీర్ల మీద రాయి, పాతబస్తీలో గొడవైతే పరిగెత్తు. బడ్జెట్టు, సాగునీరు, క్రికెట్టు మాత్రం వేరేవాళ్లకి. ఒకవైపు ఆఫీసు ఇలా కట్టేస్తుంది. ఇంకోవైపు కౌమ్ పెద్దలు. ‘నిన్ను మన కోటాలో పెట్టించాం, మనకి వ్యతిరేకంగా రాస్తావా?’ అంటారు.

షోయబుల్లాఖాన్‌ని గుర్తు చేసుకుందాం. మందుముల నర్సింగరావు నడిపిన ఉర్దూ పత్రిక ‘రయ్యత్’లో ఆయన పనిచేశాడు. హిందూ సంపాదకుడు, ఉర్దూ పత్రిక, ముస్లిం కుర్రాడు. హైదరాబాదులో ఇదొక వింతగా ఉండేది కాదు. తర్వాత ‘ఇమ్రోజ్’ పెట్టి నిజాం సర్కారుకి ఎదురుగా, ఇండియాలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో రజాకార్లు చంపేశారు. అప్పుడు కౌమ్ పేరుతో తుపాకీ పట్టినవాళ్లు ఆయనని ద్రోహి అన్నారు. ఇప్పుడు దేశభక్త ముస్లిం అని ఫొటో కట్టి, మిగతావాళ్లని కొట్టడానికి ఆ ఫొటోనే వాడుతున్నారు. రెండూ ఆయనకి చేసిన అన్యాయమే అని మా అభిప్రాయం. ఆయన తనకి నిజమనిపించింది రాశాడు. ఉర్దూ తెలియడం, గల్లీ తెలియడం, జుమ్మా నమాజు తర్వాత జనం ఏం మాట్లాడుకుంటారో తెలియడం నైపుణ్యాలు. వాటికి కూలి ఇవ్వాలి. ఆ కూలి మీద విధేయత కొనకూడదు. యజమానీ కొనకూడదు, మసీదు కమిటీ కూడా.

మనలో మనం మాట్లాడుకోవలసింది ఇంకొకటుంది. ‘మైనారిటీ’ అని ఒక కుర్చీ వేస్తే అందులో ఎవరు కూర్చుంటారు? నిలోఫర్ హోటల్లో చాయ్ తాగుతూ ఇంగ్లీషు మాట్లాడే ఖాన్‌దానీ సాహెబ్ కొడుకా? ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా పిల్లా? 2007 చట్టం ముస్లింలలో వెనకబడిన తెగల్ని విడిగా లెక్కించి బి.సి.-ఇ కింద 4 శాతం ఇచ్చింది. దూదేకులవాళ్లు అంతకుముందే బి.సి.-బిలో ఉన్నారు. సర్కారుకి తెలిసిన ఈ తేడా మన సంఘాల దరఖాస్తు ఫారాల్లో ఎందుకు కనిపించదు? 2002లో బుందేల్‌ఖండ్‌లో ‘ఖబర్ లహరియా’ మొదలైనప్పుడు చదువు అంతంతమాత్రమైన దళిత, ముస్లిం ఆడవాళ్లని తీసుకుని, విలేకర్లుగా తయారుచేసి, జీతమిచ్చారు. మెరిట్ ఏమైందని అడిగినవాళ్లు ఆ పత్రిక చూడొచ్చు.

ఇక బాండు సంగతి. శిక్షణ ఇచ్చాం కాబట్టి ఇన్నేళ్లు ఇక్కడే పనిచేయాలని, మానేస్తే ఇంత కట్టాలని కుర్రాడితో సంతకం పెట్టించుకుంటారు. ష్యూరిటీకి తండ్రిని రమ్మంటారు. తండ్రి ఆటో నడుపుతాడు, ఆ కాగితంలో తెలుగు చదవలేడు. వేలిముద్ర వేస్తాడు, లేదా ఉర్దూలో సంతకం చేస్తాడు. యజమాని ఖర్చు పెట్టాడు, వెనక్కి రావాలనుకుంటాడు, అంతవరకు మేం అర్థం చేసుకుంటాం. కానీ ఏడాది అయ్యాక ఉద్యోగం ఇస్తామని, మత వార్తల డెస్కుకే కట్టేయమని, రాసినదాని మీద సంతకం పేరు వేస్తామని యజమాని కూడా ఆ కాగితం మీదే రాసివ్వొచ్చు కదా? తండ్రికి అర్థమయ్యే భాషలో?